ఊర్మిళ నిద్ర – నిద్రాఋణ విచారం

కొంతకాలం క్రిందట స్త్రీల రామాయణపు పాటలలోని ‘ఊర్మిళాదేవి నిద్ర’ను తరగతిలో వివరిస్తున్నాను. వనవాసంలో తనను ఆవహింపవచ్చిన నిద్రాదేవిని లక్ష్మణుడు వారించి, పదునాలుగేండ్లు తన భార్య యొద్ద ఉండుమని ప్రార్థించుట, ఊర్మిళ ఆ కాలమంతా నిద్రలో గడుపుట అందలి కథ. మంగంపేట నుండి వచ్చి చదువుకొంటున్న విద్యార్థి ఒకడు లేచి, “మా నాయన నైటు షిఫ్టు చేసొచ్చి పగలంతా పండుకున్నా కండ్ల ఎరుపు పోదు. ఆయన నిద్ర మేము పోతే తీరుతాదా సార్?” అని అడిగినాడు. తరగతి నవ్వినది. నాకు మాత్రం ఆ ప్రశ్న నవ్వదగినదిగా తోచలేదు.

మంగంపేట పూర్వపు కడప జిల్లాలో, ఓబులవారిపల్లె మండలంలోనిది. అక్కడి ముగ్గురాయి గనులు లోకప్రసిద్ధాలు. చమురు బావులు త్రవ్వునప్పుడు వాడే బరువైన బురదలో కలుపుటకు ఈ రాతి పొడి దేశాంతరాలకు పోతుంది. గనిలోగాని, రాతిని పొడిచేసే మిల్లులోగాని రాత్రి పనిచేసి వచ్చినవాడు, వేసవిలో నలుబది డిగ్రీలు దాటే ఎండలో కన్నుమూయవలసి ఉంటుంది. నిద్ర పట్టుటకు శరీరం లోపలి వేడిమి కొంత తగ్గవలెనని శరీరశాస్త్రం చెబుతున్నది. రేకుల కప్పు క్రింద అది ఎట్లు తగ్గును?

ముందుగా పాట సంగతి. వాల్మీకంలో గుహుని సీమలో లక్ష్మణుడు రాత్రి మేలుకొని కావలి కాచిన ఘట్టం ఉన్నది గాని, ఊర్మిళ నిద్ర లేదు. అది మన స్త్రీల కల్పన. లెక్క వేసి చూచిన ఒక వింత కనబడుతుంది. మనిషికి దినమునకు ఎనిమిది గంటల నిద్ర అనుకొంటే, దంపతులిద్దరి నిద్ర కలిసి పదునారు గంటలే. ఊర్మిళ ఇరువది నాలుగు గంటలూ నిద్రించినది. వడ్డీతో సహా చెల్లించినదన్న మాట! అయినను ఋణం తీరలేదు. ‘లక్ష్మణదేవర నవ్వు’ పాటలో, పట్టాభిషేక వేళ గడువు తీరిన నిద్రాదేవి తిరిగి లక్ష్మణుని చేరవస్తుంది. అతడు నవ్వుతాడు, సభలోని ప్రతివారూ ఆ నవ్వు తమను గూర్చియే అని భ్రమిస్తారు. ఒక పాట నిద్రను మరొకరికి బదిలీ చేయగా, రెండవ పాట దానిని అసలు ఋణస్థుని వద్దకే తెచ్చినది. ఈ రెండింటినీ జతగా చదువవలెనని నా అభిప్రాయం.

ఆధునిక శాస్త్రం రెండవ పాట పక్షాన నిలుస్తుంది. 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం నిద్రను నడిపే వ్యాపారాలు రెండు. మెలకువగా ఉన్నంతసేపూ పెరుగుతూ, నిద్రలో తరుగుతూ ఉండే ఒత్తిడి ఒకటి. పగలు రాత్రులను అనుసరించే జీవగడియారం రెండవది. మొదటిదానికి కారణాలలో మెదడులో పేరుకొనే అడినోసిన్ అనే పదార్థం ఒకటి. కాఫీలోని కెఫీన్ ఆ పదార్థం పనిచేసే చోటును ఆక్రమించి, ఒత్తిడి తెలియకుండా చేస్తుంది. అప్పు తీరదు, అప్పులవాని కేక వినబడకుండా పోతుంది, అంతే.

అయితే తీరేటప్పుడు గంటకు గంటగా తీరదు. 1963 డిసెంబరు చివర మొదలుపెట్టి 1964 జనవరి వరకు రాండీ గార్డ్‌నర్ అనే అమెరికా విద్యార్థి 264 గంటలు మేలుకొని, పిమ్మట మొదటిసారి సుమారు పదునాలుగున్నర గంటలే నిద్రించినాడు. పోయిన గంటలలో తిరిగి వచ్చినవి కొన్నే, కాని గాఢనిద్ర చాలవరకు తిరిగి వచ్చినది. శరీరం నిడివిని వదలి లోతును వసూలు చేసుకొంటుంది.

ఇచ్చట అష్టాంగహృదయం సూత్రస్థానం గుర్తుకు వస్తుంది. అసాత్మ్యమైన, అనగా అలవాటు కాని జాగరణ చేసినవాడు, మరునాటి ఉదయం భుజింపకముందు, మేలుకొన్న కాలంలో సగం నిద్రింపవలెనని వాగ్భటుని విధి. సగం! పూర్తిగా కాదు. ఏ పరికరాలూ లేని కాలంలో, రోగులను కనిపెట్టి చూచుట వలన మాత్రమే ఇట్టి మాట పుట్టగలదు. ఆహారంతో పాటు నిద్రను దేహానికి ఉపస్తంభంగా చెప్పిన చరకుడును గ్రీష్మంలో పగటినిద్రకు అనుమతి ఇచ్చినాడు. రాత్రులు కురుచలగుట, దేహం శుష్కించుట హేతువులుగా చూపినాడు. రాయలసీమ వేసవి ఎరిగినవారికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇక ‘అసాత్మ్యం’ అన్న పదం విచారింపదగినది. ఏండ్ల తరబడి రాత్రిపని చేసినవానికి జాగరణ సాత్మ్యం కాదా అని అడుగవచ్చు. కాదనియే నేటి పరిశీలన. పని ముగించి ఇంటికి వచ్చే దారిలో సూర్యకాంతి కంటబడుచున్నంత కాలం ఎక్కువమందిలో జీవగడియారం పూర్తిగా తిరుగబడదు. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సరుకు బహుశా కారణం కాగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించి, 2019లో మరల అట్లే నిర్ణయించినది.

అసలు నిద్ర ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం ఏకాభిప్రాయం లేదు. జ్ఞాపకాలు స్థిరపడుటకని కొందరు, మెదడులోని నాడీసంధులు పగటి భారాన్ని దించుకొనుటకని కొందరు. నిద్రలో మెదడు తన మలినాలను కడుగుకొంటుందని 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధన చెప్పగా, 2024లో వెలువడిన మరొక పరిశోధన దానికి విరుద్ధంగా వచ్చినది. మెదడే లేని ఒక జాతి జెల్లీచేపలు సైతం నిద్రిస్తాయని 2017లో తేలినది. కనుక నిద్ర మెదడుకంటె ప్రాచీనమై ఉండవచ్చును. పతంజలి నిద్రను చిత్తవృత్తులలో లెక్కించుటకును, నిద్రలో మెదడు నిష్క్రియం కాదని 1953 నాటి స్వప్ననిద్రా పరిశోధన చూపుటకును సామ్యం చెప్పవచ్చును గాని, దానిని మరీ లాగరాదు. పతంజలి అడిగినది వేరు, ప్రయోగశాల అడిగినది వేరు.

మరునాడు ఆ విద్యార్థిని పిలిచి వాగ్భటుని మాట చెప్పినాను. తండ్రి ఇంటికి రాగానే సంగటి తిని పడుకొనేవాడట. “ముందు నిద్ర, తరువాత భోజనం” అన్నాను. వాడు కొంత ఆలోచించి, “తినకుండా పండుకుంటే మా యమ్మ ఒప్పుకోదు సార్” అన్నాడు.