నిప్పు మీద కూర్చుని నింగికి

2021 జులై 11, ఆదివారం. మన దగ్గర రాత్రి 9 కావస్తోంది. అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారి మీద, 14 కిలోమీటర్ల ఎత్తున, ఓ పెద్ద విమానం తాను మోసుకొచ్చిన చిన్న నౌకను గాల్లో వదిలేసింది. మరుక్షణం దాని ఇంజన్ అంటుకుంది. నిమిషం పాటు మండి, ధ్వనికి మూడు రెట్ల వేగంతో నౌకను నిలువునా పైకి తోసింది. అందులో ఇద్దరు పైలట్లు కాక నలుగురున్నారు. ఆ నలుగురిలో ఒకరు మన బండ్ల శిరీష. కుటుంబ మూలాలు తెనాలి ప్రాంతానివి, పెరిగింది హ్యూస్టన్‌లో. భారతదేశంలో పుట్టి అంతరిక్షపు అంచు చూసిన మహిళల్లో కల్పనా చావ్లా తర్వాత ఈమే.

వర్జిన్ గెలాక్టిక్ సంస్థ వారి ఆ నౌక సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అంతరిక్షం 80 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని అమెరికా లెక్క, 100 దగ్గరని మరికొందరి లెక్క. ఆ తగవు అలా ఉండనిద్దాం. భారం తెలియని స్థితి దొరికింది నాలుగు నిమిషాలే. మిగతావాళ్లు కిటికీల దగ్గర తేలుతుంటే శిరీష చేతిలో ఓ పని ఉంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి ప్రయోగం అది. ఆవాల కుటుంబానికి చెందిన ఓ చిన్న మొక్కను గొట్టాల్లో పెట్టి ఇచ్చారు. ప్రయాణంలో దశ మారినప్పుడల్లా ఒక్కో గొట్టాన్ని చేత్తో నొక్కాలి. నొక్కితే లోపలి ద్రవం మొక్కను తడిపి, ఆ క్షణాన దాని కణాల్లో ఏం జరుగుతోందో అలాగే నిలిపి ఉంచుతుంది. జీవితంలో మళ్లీ దొరుకుతాయో లేదో తెలియని ఆ నాలుగు నిమిషాల్లో కిటికీ మీది నుంచి చూపు మరల్చి గొట్టం నొక్కడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఆమె ధైర్యం అసలు బయటపడేది ఇంకో చోట. 2014 అక్టోబరు 31న ఇదే తరహా నౌక ఒకటి కాలిఫోర్నియాలో పరీక్షకు ఎగిరి, గాల్లోనే ముక్కలైపోయింది. తిరిగొచ్చేటప్పుడు వేగం తగ్గించేందుకు పైకి మడుచుకునే తోక ఒకటుంటుంది. కోపైలట్ దాని గొళ్లెం కొన్ని క్షణాలు ముందుగా తీశారు. గాలి ఒత్తిడికి తోక దానంతటదే లేచిపోయింది. కోపైలట్ మైకేల్ ఆల్స్‌బరీ చనిపోయారు. పైలట్ తీవ్ర గాయాలతో ప్యారాచూట్ మీద దిగారు. ఆ తర్వాత, వేళ కాని వేళ గొళ్లెం ఊడకుండా నౌకలో ఏర్పాటు చేశారు. శిరీష ఆ సంస్థలో చేరింది 2015లో. ఇంత తెలిసీ వెళ్లి చేరింది. చూపు సరిపోక నాసా వ్యోమగామి దారి మూసుకుపోతే పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివి, ఇలా ఇంకో దారిన పైకెళ్లింది.

హైదరాబాద్‌లో నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయూజ్‌లో ఎగిరారని మనకు తెలుసు. ఆయనతో పాటు వెళ్లినవాళ్లలో ఒకరి సంగతి చాలామందికి తెలియదు. గెన్నాడీ స్ట్రెకలోవ్ అనే రష్యన్ ఇంజనీరు. అంతకు ఆరు నెలల ముందే, 1983 సెప్టెంబరు 26న, అదే బైకనూరు కేంద్రంలో ఆయన ఎక్కిన రాకెట్ వేదిక మీదే అంటుకుంది. మంటలకు కేబుళ్లు కాలిపోయాయి. కింద ఉన్నవాళ్లు రేడియో ద్వారా ఆదేశం పంపి, తప్పించే రాకెట్‌ను పేల్చారు. అది స్ట్రెకలోవ్, తోటి వ్యోమగామి టిటోవ్ ఉన్న గదిని పైకి లాక్కుపోయిన రెండు మూడు సెకన్లలో కింద రాకెట్ పేలిపోయింది. అలా బతికి బయటపడ్డ మనిషి ఆరు నెలలకే మళ్లీ ఇంకో సోయూజ్ ఎక్కి, మనవాడితో పాటు బెల్టు బిగించుకున్నాడు. ఈ సంగతి తెలిశాక 1984 నాటి ఆ బృందం ఫొటోలో నా కళ్లు ముందు ఆయన్నే వెతుక్కుంటాయి.

మన శ్రీహరికోటలో, మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం పరీక్షించింది అచ్చంగా ఇలా తప్పించే ఏర్పాటునే. 2018 జులై 5న నేల మీంచి, 2023 అక్టోబరు 21న ఎగురుతున్న రాకెట్ మీంచి. రెండోసారి ఏమైందో గుర్తుందా? ఉదయం 8కి ఎగరాల్సింది వాతావరణం బాగాలేక 8.45కి వాయిదా పడింది. తీరా ఐదు సెకన్లు మిగిలుండగా కంప్యూటర్ లెక్క ఆపేసింది. కారణం కనిపెట్టి, సరిచేసి, 10 గంటలకు వదిలారు. సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున వ్యోమగాములుండే గది రాకెట్ నుంచి విడిపోయి, ప్యారాచూట్లతో సముద్రంలో దిగింది. మనుషుల్ని మోయబోయే ఎల్‌వీఎం3కి ఇరుపక్కలా ఉండే బూస్టర్లలో ఒక్కోదానిలో 200 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. దాన్ని అంటించాక ఆర్పడం ఉండదు. అందుకే ఆ తప్పించే ఏర్పాటు మీద అన్నేళ్ల కష్టం.

ఇలా ఆగడం మన వ్యోమగామి శుభాంశు శుక్లాకూ తప్పలేదు. 2025 జూన్ 11న ఎగరాల్సింది. రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకవుతోందని తేలి, ఆగిపోయింది. జూన్ 25న వెళ్లి, జులై 15న క్షేమంగా దిగారు.

పైకి చేరాక కూడా ముప్పు తప్పదు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన ఇంజనీరు కొడుకు, వ్యోమగామి రాజా చారి. 2021 నవంబరులో నలుగురి బృందానికి కమాండర్‌గా అంతరిక్ష కేంద్రం చేరారు. చేరిన నాలుగు రోజులకే రష్యా తన పాత ఉపగ్రహాన్ని క్షిపణితో పేల్చింది. ఆ శకలాలు కేంద్రాన్ని తాకుతాయేమోనని బృందమంతా తాము వచ్చిన నౌకలోకి వెళ్లి, తలుపులు మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆ గండం గడిచాక కూడా ఆయన అక్కడే ఉన్నారు, ఆరు నెలలు. రెండుసార్లు కేంద్రం బయటికొచ్చి, శూన్యంలో పనిచేశారు.

శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్లను మన తీరం నుంచీ చూడొచ్చు. బాపట్ల నుంచి శ్రీహరికోట గాల్లో కొలిస్తే దాదాపు 245 కిలోమీటర్లు. భూమి వంపు లెక్క వేస్తే, రాకెట్ ఐదు కిలోమీటర్లు దాటగానే బాపట్ల దగ్గరి సూర్యలంక ఒడ్డున ఉన్నవాళ్ల దిగంతం పైకి వస్తుంది. మబ్బు లేని రాత్రి కావాలి, చూపు దక్షిణానికి ఉండాలి.

దగ్గరగా చూడాలంటే శ్రీహరికోటలో 2019లో జనం కోసం తెరిచిన గ్యాలరీ ఉంది. ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ ముందు వెలుగు కనబడుతుంది, చప్పుడు ఆలస్యంగా వస్తుంది. కిలోమీటరుకు మూడు సెకన్లు లెక్కేసుకోండి. తెనాలి, బాపట్ల వాళ్లు చెన్నై లైన్లో సూళ్లూరుపేటలో దిగాలి. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, చూసి ఎక్కండి. రేపల్లె వాళ్లు తెనాలిలో మారాలి. తిరుగు టికెట్ మాత్రం అదే రోజుకు తీసుకోకండి. ఐదు సెకన్ల దగ్గర లెక్క ఆగిపోతే ఆ రోజంతా అక్కడే గడపాల్సి రావచ్చు.