ఫొటో తీస్తే మాయమయ్యే సుడులు

మజ్జిగని కవ్వంతో చిలికితే మధ్యలో ఒక పెద్ద గుంట పడుతుంది. కవ్వం ఆపితే కాసేపట్లో సర్దుకుంటుంది. అదే రాపిడి అనేదే లేకుండా పారే సూపర్‌ఫ్లూయిడ్‌ని చిలికితే? మెల్లగా తిప్పినంతసేపూ అది ఉలకదు, పలకదు. ఒక వేగం దాటాక మాత్రం సన్నటి సుడులు బోలెడు పుట్టుకొస్తాయి. అన్నిటి తిరుగుడూ ఒకే కొలత. ప్లాంక్ స్థిరాంకాన్ని పరమాణువు ద్రవ్యరాశితో భాగిస్తే ఎంతొస్తుందో అంత. అర, ముప్పావు బేరాలు లేవు.

2001లో అమెరికాలోని ఎంఐటీలో వుల్ఫ్‌గాంగ్ కెటర్లీ బృందం సరిగ్గా ఈ పనే చేసింది. సోడియం వాయువుని మైనస్ 273.15 డిగ్రీల పరమశూన్యానికి అతి దగ్గరగా, తేడా డిగ్రీలో పది లక్షల వంతు కూడా లేనంతగా చల్లబరిచారు. గాలి లేని గదిలో అయస్కాంత క్షేత్రంతో దాన్ని పట్టి ఉంచి, లేజర్ కిరణాలనే కవ్వంగా తిప్పారు. వందకు పైగా సుడులు, సందు చుక్కల ముగ్గులో చుక్కల్లా బారులు తీరాయి.

సరే, వాటిని చూసేదెలా? సుడి మధ్య గుంట వెడల్పు మైక్రాన్ కూడా ఉండదు. మామూలు వెలుగుకి అది ఆనదు. అందుకని అయస్కాంత క్షేత్రాన్ని ఠక్కున ఆపేస్తారు. వాయువు నాలుగువైపులా విచ్చుకుంటుంది, దాంతోపాటు గుంటలూ పెద్దవవుతాయి. అప్పుడు లేజర్ వెలుగు వేస్తారు. సోడియానికైతే పాత వీధి దీపాల్లో చూసిన ఆ పసుపు రంగే. పరమాణువులు వెలుగుని మింగేస్తాయి, కెమెరా మీద నీడ పడుతుంది. నీడలో చిల్లులే సుడులు.

చిక్కు ఏమిటంటే, ఫొటో దిగిందంటే వాయువు పోయినట్టే. తర్వాతి ఫొటోకి మళ్లీ మొదటినుంచీ చల్లబరచాలి, మళ్లీ చిలకాలి. ఒక పిల్లాడి ఎదుగుదల చూద్దామని ఏటా వేరే పిల్లాడిని ఫొటో తీసినట్టన్నమాట. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే, క్రాష్ అయితే గానీ లాగ్ ఇవ్వని ప్రోగ్రామ్!

ఇంత తంటా దేనికంటే, కొన్నిచోట్ల ఆ చిల్లులే సాక్ష్యం. లిథియం-6 పరమాణువులు జంటలు కట్టి సూపర్‌ఫ్లూయిడ్ అవుతాయని అనుకున్నారు గానీ, అప్పటికున్న ఆధారాలన్నీ పరోక్షమే. 2005లో ఎంఐటీలోనే దాన్నీ చిలికారు. ఇక్కడ గుంటలు మరీ లోతు తక్కువ. వాయువుని వదిలే క్షణంలో అయస్కాంత క్షేత్రాన్ని మార్చి, వదులుగా ఉన్న జంటల్ని గట్టి అణువులుగా బిగించారు. గుంటలు తేలాయి, వాదన తేలింది. నాకైతే మొత్తం కథలో అతి తెలివైన పని ఇదే.

మరి ఒకే సుడిని వరసగా చూడలేమా? 2010లో ఆమ్హర్స్ట్ కాలేజీలో డేవిడ్ హాల్ బృందం చూసింది. రుబీడియం వాయువులోంచి మైక్రోవేవ్‌లతో కొద్ది పరమాణువుల్ని మాత్రం బయటికి లాగి, వాటికే ఫొటో తీశారు. మిగతా వాయువులో సుడి తిరుగుతూనే ఉంది. కాసేపాగి మళ్లీ కొన్ని, మళ్లీ కొన్ని. వరసగా పేర్చిన ఆ ఫొటోల్లో అదే సుడి, వాయువు మధ్యభాగం చుట్టూ మెల్లగా ప్రదక్షిణ చేస్తూ కనిపించింది.