వంశధార జరిగిందా, ఫిల్మ్ ముడుచుకుందా?

కళింగపట్నం పాఠకుడొకరు అడిగారు: “మా తాతల కాలంలో వంశధార సముద్రంలో ఎక్కడ కలిసేదో పాత విమాన ఫోటోలు చూసి చెప్పగలరా?” చెప్పవచ్చు. అయితే ఆ ఫిల్మ్ తన కొలతలు పోగొట్టుకోకుండా ఉండాలి.

విమానం అడుగున కెమెరా నేలను చూస్తూ వరసగా ఫోటోలు తీస్తుంది. ఒక్కో ఫోటో తర్వాతి దానితో సుమారు అరవై శాతం కలుస్తుంది. అలాంటి జతను స్టీరియోస్కోపులో చూస్తే ఎత్తుపల్లాలు లేచి కనిపిస్తాయి. ఇదంతా తెలిసిన సంగతే. నన్ను పట్టి లాగేది ఫిల్మ్ లోపలి రసాయనం.

ఆ పాత ఫోటోలకు వాడిన అసిటేట్ ఫిల్మ్ అంటే సెల్యులోజ్ గొలుసుకి అసిటైల్ గుంపులు తగిలించిన పదార్థం. గాలిలోని తేమ ఒక గుంపును ఊడగొడితే, వెనిగర్‌కి ఘాటునిచ్చే అసిటిక్ ఆమ్లం పుడుతుంది. ఊడగొట్టే పనిని తొందరపెట్టేదీ ఆ ఆమ్లమే! పాలలో తోడు పడ్డట్టు, పుట్టినదే మరికొంత పుట్టిస్తుంది. ఏళ్ల తరబడి ఏమీ జరగనట్టే ఉండి, ఆమ్లం ఒక హద్దు దాటగానే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. మామూలు వేడి, తేమ ఉన్న గదిలో ఆ హద్దు చేరడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. మన తీరం ఉక్కలో అంతకాలం ఆగదు. బిగించిన డబ్బాలో ఆవిరి బయటికి పోలేక పక్క చుట్టలనూ పట్టుకుంటుంది.

కొడాక్ 1948లో ట్రైఅసిటేట్ ఫిల్మ్ తెచ్చింది. భగ్గున అంటుకునే నైట్రేట్‌ ఫిల్మ్‌తో విసిగినవాళ్లు, మంట భయం లేదు కాబట్టి మన్నిక కూడా ఉంటుందని నమ్మారు. అదే పొరపాటు. పదేళ్లు తిరక్కుండానే తొలి ఫిర్యాదు వెళ్లింది భారత ప్రభుత్వం నుంచే. వేడి దేశాల బాధ అని సరిపెట్టుకున్నవాళ్లకు, తర్వాత చల్లని దేశాల గిడ్డంగుల్లోనూ అదే వెనిగర్ ఘాటు తగిలింది.

ఆమ్లం పుట్టిన ఫిల్మ్ ముడుచుకుంటుంది. 23 సెంటీమీటర్ల ఫ్రేము ఒక్క శాతం ముడుచుకుంటే 2.3 మిల్లీమీటర్లు. ఫోటో స్కేలు 1:40,000 అయితే నేల మీద అది 92 మీటర్లు! ఏరు జరిగిందో ఫిల్మ్ జరిగిందో తేల్చేదెలా? కెమెరా ప్రతి ఫ్రేము అంచుల్లో ముద్రించే గుర్తులున్నాయి. వాటి మధ్య అసలు దూరాలు ముందే కొలిచి ఉంటాయి కాబట్టి స్కాన్‌లో మళ్లీ కొలిచి ముడుత లెక్క సరిచేయవచ్చు. కానీ బొమ్మను మోసే జెలటిన్ పొర అడుగు ఫిల్మ్‌తో సమానంగా ముడుచుకోదు. అది బుడగలు కట్టి లేచిందంటే అంచు గుర్తులు మధ్యలోని ఏటిగట్టును కాపాడలేవు. అందుకే స్కానింగ్ ఆ దశకు ముందే జరగాలి.

అన్ని ఫిల్ములకూ ఈ గతి పట్టలేదు. అమెరికా గూఢచారి ఉపగ్రహాల కార్యక్రమం కరోనా తొలి ప్రయోగాల్లో అసిటేట్ ఫిల్మ్ శూన్యంలో తెగిపోయింది. దాంతో కొడాక్ పాలిస్టర్‌కి మారింది. పాలిస్టర్‌లో ఈ ఆమ్లం పుట్టదు. 1995లో రహస్య ముద్ర తీసేసిన ఆనాటి గూఢచారి ఉపగ్రహాల 8 లక్షల 60 వేలకు పైగా చిత్రాలను ఈనాటికీ స్కాన్ చేయగలుగుతున్నారంటే ఆ పాలిస్టర్‌కి అందులో పెద్ద వాటా ఉంది.

ఇక ఉపయోగాలంటారా? 2018 తిత్లీ తుఫానుకి ముందు ఉద్దానం కొబ్బరితోటల విస్తీర్ణం, దున్నకముందు దంతవరపుకోట మట్టిగోడ, పూడకముందు విజయనగరం చెరువుల గట్లు. ఇవన్నీ పాత ఫోటోల్లో వెతకదగ్గవే. మామూలు ఆఫీసు స్కానర్లో పెట్టి తీసి, ఫిల్మ్ పారేస్తే మాత్రం కొలత పనికి రాదు. అంచు గుర్తులు కత్తిరించిన స్కానూ అంతే. ఘాటు వాసన వచ్చే డబ్బాను వెంటనే విడిగా, చల్లగా పెట్టి, స్కానింగ్ వరసలో అన్నిటికంటే ముందు నిలపాలి.