నీళ్లు నిలవని కయ్య

తోటపల్లి గూడూరంటే నిమ్మకాయల గూడూరు అనుకునేరు. అది వేరు. మాది నెల్లూరికి తూర్పున, వరికయ్యలూ రొయ్యల గుంటలూ దాటితే సముద్రమే. మొన్న సాయంత్రం మా మనవడూ వాడి సావాసగాళ్లూ వచ్చి, "తాతా, ఊరికి గ్రౌండు కావాలని అర్జీ రాయాల, రాసిపెట్టు" అన్నారు.

"రాస్తాలే గానీ, ఎంత చోటు కావాల్రా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లెక్కకు కూర్చోబెట్టాను.

సెంటు అంటే నలభై చదరపు మీటర్ల పైచిలుకు. మగపిల్లల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే మూడు సెంట్లూ కాస్తా. వాలీబాల్ 18కి 9, నాలుగు సెంట్లు. ఖోఖో 27కి 16, పదిన్నర పైన. చుట్టూ పరుగెత్తడానికి ఖాళీ వదిలినా ఈ మూడూ అరెకరంలో సర్దుకుంటాయి. క్రికెట్టుకు బౌండరీ 60 మీటర్లు పెడితే మాత్రం దానికొక్కదానికే 280 సెంట్లు! 2023 డిసెంబరులో మొదలైన 'ఆడుదాం ఆంధ్రా' పోటీల్లో ఇవి నాలుగూ, బ్యాడ్మింటనూ కలిపి ఐదు ఆటలు. క్రికెట్టు కాక మిగతా నాలుగూ కలిపినా, క్రికెట్టు మింగే నేలలో ఐదోవంతు అడగవు. "బౌండరీ దగ్గరికి జరుపుకోండి. లేకపోతే మీ అక్కాచెల్లెళ్లు గట్టున కూర్చుని చప్పట్లు కొట్టాల" అన్నాను. మా మనవరాలు లోపలినించే "అట్టా చెప్పు తాతా" అంది.

వాళ్లు కన్నేసింది ఊరి పక్కనే ఉన్న పాత వరికయ్య మీద. వంద మీటర్ల పొడవు, అరవై వెడల్పు, సుమారు ఎకరన్నర. చదునుగా బల్లపరుపుగా ఉంది గదా అని మురిసిపోతున్నారు. చిక్కంతా అక్కడే.

వరికి నేలనెట్టా తయారుచేస్తాం? నీళ్లు పెట్టి దమ్ము చేస్తాం. గడ్డలు చితికి మెత్తని బురదవుతుంది. అందులోని సన్న రేణువులు దిగి మట్టిలోని రంధ్రాలను పూడ్చేస్తాయి. ఏటా ట్రాక్టరు తొక్కే తొక్కుడికి అడుగున గట్టి పొర ఒకటి పడుతుంది. పెట్టిన నీళ్లు ఇంకిపోకూడదనే ఆ పనంతా. తాతముత్తాతల నాటినుంచి నీళ్లు పట్టి ఉంచడం నేర్పిన నేలను, రేపటినించి పిల్లలు ఆడాలి వదిలెయ్యమంటే వదులుతుందా? మాకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పోటీలు పెట్టేది సంక్రాంతికి. ఆరడానికి ఉన్న గడువు ఎంతో మీరే చూడండి.

మట్టి సంగతి తేల్చుకోవడానికి లాబొరేటరీ అక్కర్లేదు. గాజు సీసాలో మూడోవంతు మట్టి, పైన నీళ్లు పోసి బాగా గిలకొట్టి కదపకుండా పెట్టమన్నాను. ఇసుక నిమిషంలో అడుగుకు చేరింది. దాని మీద ఒండ్రు కొన్ని గంటలకు. జిగటమన్ను మాత్రం మర్నాటికీ తేలుతూనే ఉంది. దాని రేణువులు పలుచని రేకుల్లాంటివి. బరువు తక్కువ, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే ఓ పట్టాన దిగవు. రేకుల సందుల్లోకి నీళ్లు దూరితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. నెర్రెలో కాలు పడితే మడమ సంగతి చెప్పాలా?

మందు ఏమిటంటే, తాబేటి డిప్ప. నడిమధ్య ఎత్తు, రెండు పక్కలకూ వాలు. వంద మీటర్లకు ఒక మీటరు వాలు చాలు. మన కయ్య వెడల్పులో సగం ముప్పై మీటర్లు, కాబట్టి మధ్యలో అడుగు ఎత్తు. ఆడేవాడికి తెలియనే తెలియదు. అయితే ఆ కాస్త ఎత్తుకే తొమ్మిదొందల ఘనమీటర్ల మన్ను కావాలి. ట్రాలీకి మూడు చొప్పున మూడొందల ట్రిప్పులు! చుట్టూ కాలవ తవ్వితే కొంత కలిసొస్తుంది. ఆ కాలవ కలిసే మురుగుకాలవ ముసురు రోజుల్లో ఎంత ఎత్తుకు పారుతుందో ముందే గుర్తు పెట్టుకోవాలి. అది మన నేలకన్నా ఎత్తయితే నీళ్లు బయటకు పోవు సరిగదా, లోపలికి వస్తాయి. పైపొరకు ఇసుక కలపాలి. ఊరికే వస్తుందని సముద్రపు ఇసుక తోలారో, ఉప్పుకు గడ్డి మాడుతుంది.

ఇంత చాకిరీ ఉన్నా ఈ కయ్యే మేలంటాను, ఊరి పక్కనే ఉంది గనక. తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. ఆలోచన మంచిదే. కానీ ఊరికి దూరంగా పెట్టిన చోట్ల పిచ్చిమొక్కలు లేచాయని పేపర్లలో చదివాం. పిల్ల ఒంటరిగా నడిచిపోలేని చోట స్తంభాలు పాతి ఏం లాభం?

గడ్డికి డబ్బు పెట్టొద్దు. బెర్ముడా గడ్డి అని అమ్మేది వినాయకుడికి పెట్టే మన గరికే. తొక్కినా చావదు, ఉప్పునూ కొంత ఓర్చుకుంటుంది. ఇందాక తిట్టిన జిగటమన్ను కూడా పారెయ్యకండి. తడిపి రోలరు తిప్పి ఆరనిస్తే 22 గజాల క్రికెట్ పిచ్‌కు అంతకన్నా మంచి మన్ను లేదు.

పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. న్యూజిలాండులోని నేపియర్ మైదానంలో అది తూర్పు పడమరలుగా ఉంది. 2019 జనవరిలో అక్కడ మనవాళ్లు బ్యాటింగ్ చేస్తుంటే పొద్దుగుంకే సూర్యుడు కళ్లలో కొట్టి ఆట అరగంట ఆగింది. వానకు కాదు, ఎండకు! వేపలూ కానుగలూ పడమటి గట్టున నాటితే సాయంత్రం నీడ ఆటస్థలం మీదికి వస్తుంది. తూర్పున సరుగుడు వరస వేస్తే, చెట్టు ఎత్తుకు పదింతల దూరం దాకా సముద్రపు గాలి తగ్గుతుంది. అయినా ఐదు గ్రాముల షటిల్ మా గాలికి నిలవదు, బ్యాడ్మింటనుకు గోడలు కావలసిందే.

అర్జీ రాశాను. నేల వాలు కొలిచి ఆ కాగితం కూడా జతచెయ్యాలి. మేస్త్రీలు చేసేదే: సన్నటి పారదర్శక గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి రెండు కొసలూ పైకెత్తితే, ఎంత దూరానున్నా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. కర్రల మీద గీతలు చూసి తేడా రాసుకోవడమే. నెల్లూరు నుంచి ఇటు వచ్చేవాళ్లెవరైనా వంద అడుగుల గొట్టం తెచ్చిపెట్టండి. కర్రలు పట్టుకోవడానికి పిల్లలు పొద్దుననించీ సిద్ధంగా ఉన్నారు.