నొప్పి మాత్ర వేసుకున్న రోజున...
మా ఉచిత వైద్య శిబిరాలకు ఒళ్లు నొప్పులతో వచ్చే కూలీలను మేము తప్పక అడిగే ప్రశ్న: ‘మాత్ర వేసుకున్న రోజున తాగుతారా?’

పారాసిటమాల్‌లో కొంత భాగాన్ని కాలేయం విషపదార్థంగా మారుస్తుంది. గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని విరిచేస్తుంది. రోజూ తాగేవారిలో విషం ఎక్కువ, రక్షణ తక్కువ. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు గరిష్ఠ పరిమితి 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8. తాగేవారికి అదే ప్రమాదం కావచ్చు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కడుపు లోపొరను దెబ్బతీస్తాయి. మద్యం తోడైతే రక్తస్రావం కావచ్చు; మలం నల్లగా రావడం దాని గుర్తు. ట్రమడాల్‌తో కలిస్తే ఊపిరే మందగించవచ్చు.

తాగే అలవాటును సిగ్గుపడి దాచినవారికే ముప్పెక్కువ. డాక్టరుకు చెబితే తగిన మాత్ర, తగిన మోతాదు రాస్తారు. మీ విరాళంతో మేమిచ్చే మాత్ర మేలే చేయాలి. అందుకే మాత్రతోపాటు ఈ మాటా చెప్పి పంపుతున్నాం.