బడి మానిన బిడ్డకు పని నేర్పుదము



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో చెలక భూములు హెచ్చు. వాన తప్పిన యేడు పంట తప్పును. పంట తప్పిన ఇంటి పిల్లవాడు బడి మాని పలుగు, పార పట్టి వలస పోవును. పాలమూరు కూలీలు దూరదేశములలో కాలువలు త్రవ్విన సంగతి మీరెరిగినదే. ఎన్నేండ్లు శ్రమించినను అట్టి చేతికి కూలి వచ్చునే గాని పనివానికి దక్కు మజూరీ రాదు.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమి లేని కుటుంబములవారు ఆచార్య వినోబా భావేను 80 ఎకరములు అడుగగా, శ్రీ వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు దానమిచ్చిరి. నేడు అందరికీ పంచుటకు భూమి చాలదు. పనితనమును మాత్రము ఎందరికైనను పంచవచ్చును. ఆ పోచంపల్లి దాపున జలాల్‌పూర్‌లో 1995లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ వెలసినది. అచ్చట గ్రామీణ యువతకు ఇంటి కరెంటు పనులు, మోటారు సైకిళ్ల మరమ్మతు, కుట్టుపని వంటివి భోజన వసతులతో ఉచితముగా నేర్పుచున్నారు.

దేశములో మొదటి కృషి విజ్ఞాన కేంద్రము 1974లో పుదుచ్చేరిలో ఏర్పడినది. మనకు పాలెం, మదనాపురం, కంపాసాగర్, గడ్డిపల్లిలలో ఇట్టి కేంద్రములు కలవు. చేయుచు నేర్చుకొనుటయే వీని పద్ధతి. బ్యాంకులు నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు శిక్షణ ముగిసిన పిమ్మట రెండేండ్లు వెన్నంటి ఉండి, అప్పు దొరకుటకు తోడ్పడును.

పంపుటకు ముందు ఈ సంగతులు గమనింపుడు.

1. ఊరికి కావలసిన పనినే ఎంచుకొనవలెను. బోరు మోటార్లు తరచు కాలిపోవు ఊళ్లలో వైండింగు తెలిసినవానికి పనికి కొదువ ఉండదు.

2. శిక్షణ దినములలో ఆ ఇంటికి ఒక మనిషి కూలి ఆగును. నిరుపేదలు వెనుదీయుటకు ఇదియే ముఖ్య కారణము. కావున నాట్లు, కోతలు లేని రోజులలో పంపుట మేలు.

3. తిరిగి వచ్చినపుడు పనిముట్లు లేకున్న నేర్చినది మరచును. బ్యాంకువారితో ముందే మాట్లాడవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. పంచాయతీ గోడకు అంటించిన ప్రకటన చదువు రానివారికి చేరదు. తండాకు, దళితవాడకు స్వయముగా పోయి, ఆడపిల్లల తల్లిదండ్రులతో కూడ మాట్లాడుడు. ఈ వేసవిలో మీ ఊరినుండి ఇద్దరిని పంపినచో, వచ్చే యేడు వలస పోవువారిలో ఇద్దరు తగ్గుదురు.