సంధిలో లోపించేదేమిటి?

రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరినప్పుడల్లా మన పత్రికలు ఒకే రకం వాక్యాలు రాస్తాయి. మైత్రీబంధం దృఢపడిందంటాయి. సహకారానికి కొత్త ద్వారాలు తెరుచుకున్నాయంటాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి భారత, అమెరికాల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ వెళ్ళినప్పుడు మా సూళ్లూరుపేట కవిమిత్రులు రాసిన గేయాల్లోనూ ఈ మాటలే వచ్చాయి. ప్రకటన రాసే అధికారికి ఆ భాష తప్పనిసరి కావచ్చు. రచయితకు ఆ అవసరం లేదు. ఆ మాటల వెనుక ఏ బేరం నడిచిందో విప్పి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

మన భాషలో అక్షరాల కలయికకూ, రాజ్యాల ఒప్పందానికీ ఒకే మాట ఉంది: సంధి. బాలవ్యాకరణంలో మొదటి దానిని నిర్వచించిన చిన్నయసూరే నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం రాశాడు. సంధి, విగ్రహం ఆయన రాయలేదు, తర్వాత వీరేశలింగం రాశాడు. వ్యాకరణంలో రాముడు, అతడు కలిస్తే 'రాముడతడు' అవుతుంది. మొదటి మాట చివరి ఉకారం పోయింది, రెండో మాట అచ్చు నిలిచింది. సంస్కృత సవర్ణదీర్ఘంలోనైతే రెండచ్చులూ కలిసి దీర్ఘమవుతాయి. దౌత్య ప్రకటనలన్నీ తమది సవర్ణదీర్ఘమనే చెప్పుకుంటాయి. నిజానికి ఎక్కడ ఉకారం లోపించిందో వెతకాలి.

మా ఊరి పక్కనే వెతకవచ్చు. 1974లో ఫ్రాన్స్‌తో ఒక ఒప్పందం జరిగింది. అక్కడి వైకింగ్ ద్రవ ఇంధన ఇంజన్ పరిజ్ఞానం మనకిస్తారు. బదులుగా మనం డబ్బు కాక మనుషుల శ్రమ ఇవ్వాలి: మన ఇంజనీర్లు వాళ్ళ దగ్గర నూరు మనిషి-సంవత్సరాల పని చెయ్యాలి. పని చేస్తూనే నేర్చుకున్నారు. ఆ నేర్పుతో తయారైనదే వికాస్ ఇంజన్. ఇవాళ్టికీ పీఎస్‌ఎల్‌వి, జీఎస్‌ఎల్‌వి రాకెట్లలో అది పనిచేస్తోంది. పత్రికలు దీని గురించి పెద్దగా మైత్రీగీతాలు పాడలేదు. శ్రమకు శ్రమ, విద్యకు విద్య అన్న లెక్క మాత్రం సూటిగా ఉంది.

రష్యా కథ వేరు. మనవాళ్ళకు ఇది కాస్త ఇబ్బందిగా ఉండే కథ, అందుకే వివరంగా చెప్పాలి. 1971 ఆగస్టు 9న ఢిల్లీలో భారత, సోవియట్ మైత్రీ సంధి మీద సంతకాలయ్యాయి. సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 9న, శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. అది చిన్న పరిశోధక రాకెట్, ఉపగ్రహాన్ని మోసే శక్తి దానికి లేదు. అందుకే మనం తయారుచేసుకున్న ఆర్యభట్టను 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టే మోసుకుపోయింది. అంతవరకూ మైత్రి అన్న మాట నిలబడింది.

1991 జనవరిలో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో క్రయోజెనిక్ ఇంజన్ల ఒప్పందం కుదిరింది. ద్రవ హైడ్రోజన్ సున్నాకు దిగువ 253 డిగ్రీల దగ్గర ఉండాలి. దానిని నిలవచేసి, పంపు చేసి, మండించే విద్య అప్పటికి కొద్ది దేశాలకే తెలుసు. ఒప్పందంలో రెండు అంశాలున్నాయి: ఇంజన్ల సరఫరా, పరిజ్ఞానం బదిలీ. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 మేలో అమెరికా, క్షిపణుల నిబంధనలు ఉల్లంఘించారంటూ ఇటు ఇస్రో మీదా, అటు గ్లావ్‌కాస్మోస్ మీదా రెండేళ్ళ ఆంక్షలు విధించింది. ఇవే ఇంజన్లు అమ్ముతామని అంతకుముందు అమెరికా, ఫ్రాన్స్ సంస్థలు మనవాళ్ళ దగ్గరకు వచ్చాయన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ నీతిలో వ్యాపారం పాలెంతో తెలుస్తుంది. 1993లో రష్యా తలొగ్గింది. సవరించిన ఒప్పందంలో 'సరఫరా' మిగిలింది, 'బదిలీ' పోయింది. మొత్తం ఏడు ఇంజన్లు వచ్చాయి, వాటిని చేసే విద్య రాలేదు.

ఆ ఒక్క మాట ఖరీదు రెండు దశాబ్దాలు. 2001 ఏప్రిల్ 18న మొదటి జీఎస్‌ఎల్‌వి రష్యా ఇంజన్‌తో లేచింది. 2010 ఏప్రిల్ 15న మన సొంత ఇంజన్‌తో చేసిన ప్రయోగం విఫలమైంది. 2014 జనవరి 5న నెగ్గింది.

అమెరికా తీరు కూడా చూడాలి. 1998 అణుపరీక్షల తర్వాత ఆ దేశం ఎగుమతుల నిషేధ జాబితాలో ఇస్రో విభాగాలను చేర్చింది. 2011 జనవరిలో దాని నుంచి తొలగించిన పేర్లలో శ్రీహరికోట కేంద్రం ఒకటి. అంతకు రెండేళ్ళకు పైగా ముందే, 2008 అక్టోబరు 22న, అదే కేంద్రం నుంచి చంద్రయాన్-1 రెండు అమెరికా పరికరాలను చంద్రుడి దగ్గరకు మోసుకుపోయింది! జాబితాలో నిషిద్ధులం, ప్రయాణానికి పనికొచ్చాం. ఇక నైసార్ విషయం. ఒక రాడార్ మనది, ఇంకొకటి వాళ్ళది. దాన్ని లేపిన జీఎస్‌ఎల్‌విలో కింద వికాస్, పైన మనం కష్టపడి నేర్చిన క్రయోజెనిక్ ఇంజన్. ఏ విద్య మనకు దక్కకూడదని అమెరికా 1993లో పట్టుబట్టిందో, ఆ విద్యే దాని రాడార్‌ను కక్ష్యలో పెట్టింది. మన గేయకవులు వదిలేసిన కవితావస్తువు ఇది. మైత్రి ఫలించిందంటే చాలదు. ఇచ్చిపుచ్చుకోవడానికి మన చేతిలో ఏదో ఉన్నాకే వాళ్ళ భాష మారింది.

సాహిత్యంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా అతి చౌకగా ఇంటింటికీ చేరాయి. ఉప్పల లక్ష్మణరావు వంటి వారు అక్కడే ఉండి అనువదించారు. ఆ మేలు మరువరానిది. కానీ 1991తో ఆ సరఫరా ఆగింది. గోర్కీ 'అమ్మ' మాత్రం ఏ రాజ్యాల ఒప్పందమూ లేని రోజుల్లోనే, క్రొవ్విడి లింగరాజు పూనికతో తెలుగైంది. పుస్తకాలు వస్తున్నంతకాలం ఇక్కడ రష్యన్ నేర్చినవాళ్ళను తయారుచేసుకోవడం మీద మనం తగినంత శ్రద్ధ పెట్టలేదన్నది నా అభియోగం. ఎక్కువమందిమి ఇంగ్లీషు మీదుగానే పోయాం.

ఏ ప్రకటనలోనూ కనిపించని అచ్చు ఇంకొకటుంది. కేంద్రం రాకముందు శ్రీహరికోట దీవి అడవిలో యానాదులు వేట మీద, చేపల మీద, అటవీ ఉత్పత్తుల మీద బతికేవారు. వాళ్ళలో చాలామందిని దీవి దాటించి ఇవతలి గడ్డ మీద పెట్టారు. అంతరిక్ష ఒప్పందాల మీద సంతకాలు పెట్టిన రెండు పక్షాల్లోనూ వాళ్ళు లేరు. రాకెట్ల మీద వచ్చిన గేయాల్లోనూ లేరు. మా బడిలో ఆ ఇళ్ళ పిల్లలున్నారు. నైసార్ లేచిన సాయంత్రం వాళ్ళూ అందరితో పాటు మేడెక్కి చూశారు.